బేస్‌బాల్ కార్డును వెనక్కి తిప్పి చదవండి

“అమెరికాలో ఉంటున్నాం. మా అబ్బాయి బేస్‌బాల్ కార్డులు కొనమని పట్టుబడుతున్నాడు. ఇవి పెట్టుబడిగా పనికొస్తాయా?” అని అడిగారు. పిట్స్‌బర్గ్‌లో ఉంటూ మా అమ్మాయితో కలిసి చాలాకాలంగా ఆటగాళ్ల ఫొటోలతో ప్యాకెట్లలో అమ్మే ఈ అట్టముక్కలను పోగుచేస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను. పనికిరావు. డబ్బు కోసమే అయితే ఆ దుకాణాల వైపు వెళ్లకండి.

2022లో పాతకాలపు బేస్‌బాల్ స్టార్ మికీ మాంటిల్ కార్డు ఒకటి 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైన వార్త మీరూ చూసే ఉంటారు. అది టాప్స్ కంపెనీ 1952లో వేసిన కార్డు. అప్పట్లో అమ్ముడుపోక మిగిలిన సరుకును 1960లో ఆ కంపెనీవాళ్లే సముద్రంలో పారబోశారు. ఆ ధరకు కారణం ఆ కరువే. పాత కార్డుల ధరలు చూసి 1980ల చివర్లో జనం ఎగబడ్డారు, కంపెనీలు అడ్డూ అదుపూ లేకుండా అచ్చువేశాయి, అందరూ భద్రంగా దాచారు. ఇప్పుడు వాటిలో చాలావాటిని అట్టపెట్టెలకొద్దీ ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేరు. ధర సంగతి ఇంతే.

కార్డు కొనాల్సింది దాని వెనకవైపు కోసం. ముందు ఫొటో ఎవరైనా చూస్తారు. వెనక చిన్న అక్షరాల్లో ఒక మనిషి ఉద్యోగజీవితం ఏడాదికో వరుస చొప్పున ఉంటుంది.

ఒకసారి పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని వస్తూ, మన్రోవిల్‌లో ఒక హాలులో కార్డుల సంత జరుగుతుంటే ఆగాం. ఖరీదైనవి గాజు అరల్లో ఉన్నాయి. ఎవరూ అడగనివి బల్లల కింద చెప్పుల పెట్టెల్లో ఉన్నాయి. మా అమ్మాయి ఆ పెట్టెల ముందు చతికిలబడి, 1974 నాటి స్టీవ్ బ్లాస్ కార్డు బయటికి తీసింది. ఆయన మా ఊరి జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు పిచర్, అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. వెనక్కి తిప్పి చదువుతూ ఆగిపోయింది.

“నాన్నా, ఇది అచ్చుతప్పు. 1972లో 19 విజయాలు, తర్వాతి ఏడాది మూడే ఉన్నాయి.”

ఆ పక్కన ఉన్న అంకె ఇంకా ఘోరం. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చుకున్న పరుగులు 2.49 నుంచి 9.85కు పెరిగాయి.

బల్ల వెనక ఉన్న పెద్దాయన ఆ మాట విని కార్డు చేతిలోకి తీసుకున్నాడు. “తప్పేమీ లేదమ్మా, ఆ మ్యాచ్‌లు నేను స్టేడియంలో కూర్చుని చూశాను” అని మొదలుపెట్టి, ముందు నిలబడ్డ కొనుగోలుదారులను కూడా పట్టించుకోకుండా చెప్పాడు. 1971 వరల్డ్ సిరీస్, అంటే ఛాంపియన్‌ను తేల్చే ఫైనల్ పోరు, ఏడో మ్యాచ్ బాల్టిమోర్‌లో. బ్లాస్ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానే వేసి 2–1తో గెలిపించాడు. రెండేళ్లు తిరగకుండానే, చెయ్యెత్తి వేసిన ప్రతి బంతీ వైడ్ పోతున్న బౌలర్ లాగా అయిపోయాడు. 1973లో 88 చిల్లర ఇన్నింగ్స్‌లో గురి తప్పిన బంతులేసి 84 సార్లు బ్యాటర్‌కు, బంతి కొట్టకుండానే, ఊరికే మొదటి బేస్ ఇచ్చేశాడు. చేతికి గాయం లేదు. మ్యాచ్ లేనప్పుడు బంతి చక్కగా పడేది. బ్యాటర్ ఎదురుగా నిలబడితే చాలు, గురి పోయేది. “ఆయన బంతి వేసేటప్పుడు మా నాన్న కళ్లు మూసుకునేవాడు” అన్నాడు పెద్దాయన. 1974లో బ్లాస్ ఆడింది ఒక్క మ్యాచ్. ఆ తర్వాతి ఏడాది 32 ఏళ్లకే ఆట వదిలేశాడు.

ఆ రెండు వరుసల మధ్య ఏం జరిగిందో కార్డు చెప్పదు. 1972 డిసెంబరు 31న ఆయన సహచరుడు రాబర్టో క్లెమెంటే, నికరాగ్వా భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి క్లెమెంటే హిట్లు, అంటే బంతిని కొట్టి బేస్ చేరిన సందర్భాలు, సరిగ్గా 3000. సంతాప సభలో బ్లాస్ మాట్లాడాడు. ఆ దుఃఖమే ఆయన గురిని తినేసిందని నేను నమ్ముతాను. కాదనేవాళ్లు చాలామందే ఉన్నారు, అయినా నా నమ్మకం మారదు.

క్లెమెంటే పేరు ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. 1957 నుంచి 1969 దాకా టాప్స్ ఆయన కార్డుల మీద రాబర్టో బదులు ‘బాబ్’ అని అచ్చువేసింది. ఆయనకు ఆ పేరు నచ్చేది కాదు. ఆఫీసుల్లో మన పేర్లను అడగకుండా కత్తిరించేవాళ్లను చూసినప్పుడల్లా ఆ కార్డులే గుర్తొచ్చి నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో బాధ కూడా ఉంది. ఇప్పుడు ప్యాకెట్ విప్పగానే కార్డును గ్రేడింగ్‌కు పంపి, పదికి ఎన్ని మార్కులొచ్చాయో చూసి, గట్టి ప్లాస్టిక్‌లో బిగించేస్తున్నారు. పిల్లలు కూడా మూలలు నలిగాయా, బొమ్మ మధ్యలో ఉందా అనే చూస్తున్నారు. ఆ ఆటగాడు ఏ ఊరివాడు, ఎన్నేళ్లు ఆడాడు అంటే చెప్పలేరు. ఇది సేకరణ కాదు, సరుకు వ్యాపారం.

బ్లాస్ కథ అక్కడితో ఆగలేదు. ఆయన దశాబ్దాలపాటు, 2019 దాకా, పైరేట్స్ మ్యాచ్‌లకు వ్యాఖ్యాతగా ఉన్నాడు. పిచర్ కాస్త తడబడితే ఆ గొంతు అర్థం చేసుకుంటున్నట్టు ఉండేది, కసిరేది కాదు.

మీ అబ్బాయికి ఖరీదైన ప్యాకెట్లు వద్దు. ఏదైనా సంతలో చిల్లర పెట్టె ముందు వదిలేయండి, వెనకవైపు చదవనివ్వండి. పైరేట్స్ అంటే ఇష్టమైతే చెప్పండి. 1970ల నాటివి మా దగ్గర జతలుగా చాలా ఉన్నాయి, పంపిస్తాను.