ఆ బర్మా పిల్లాడిని స్టేజీ ఎక్కించే ముందు

బుజ్జీ,

నవల నిన్న రాత్రి పూర్తి చేశాను. రంగూన్‌లో పుట్టి, 1964లో అక్కడి దుకాణాలన్నీ ప్రభుత్వం తీసేసుకున్నాక అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చి, మన విజయవాడలో పెరిగిన ఆ పిల్లాడి కథని నాటిక చేయాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. నువ్వు పంపిన రెండు రంగాలూ చదివాక తోచింది మొహమాటం లేకుండా రాస్తున్నా.

ముందు ఆ వాయిస్ ఓవర్ తీసెయ్యి. నవలలో వాడు తనలో తాను అనుకునే మాటలు అంత బాగున్నాయి కాబట్టే వదులుకోలేకపోయావని తెలుస్తూనే ఉంది. నేనూ ఒకసారి తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో ఓ నవలని ఇలాగే వేయించాను. మనసులో మాటలు స్పీకర్‌లోంచి వస్తుంటే ఆ కుర్రాడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాడు, రెండోసారి గొంతు మొదలయ్యేసరికి వెనక వరసలవాళ్లు టీకి లేచారు. తప్పు వాడిది కాదు, వాడికి చేయడానికి పని ఇవ్వని నాది.

ఈ నవలలో ఆ పని ఉంది. తల్లి బడికి పంపేముందు, బర్మాలో మొహానికి పూసుకునే తనాఖా చెక్కని గంధంలా సాన మీద నీళ్లతో అరగదీసి వాడి బుగ్గలకి రాస్తుంది కదా, వాడు గుమ్మం దాటగానే చొక్కా చేత్తో తుడిచేసుకుంటాడు. దాని తర్వాత రచయిత రెండు పేజీలు రాశారు, నీకు అవి అక్కర్లేదు. చెక్క అరుగుతున్న చప్పుడు ఒక నిమిషం మాటలు లేకుండా వినపడనివ్వు, వాడు తుడుచుకోవడం జనం చూడనివ్వు. ఎనిమిదేళ్లవాడు పద్దెనిమిదేళ్లవాడు కావడం కూడా అక్కడే చూపించొచ్చు: చిన్నవాడు చేతిలో మొహం దాచుకుంటూ లోపలికి పరిగెడితే, పెద్దవాడు మొహం తుడుచుకుంటూ బయటికొస్తాడు, లైట్లు ఆర్పే పనే లేదు.

యాస సంగతి ఇంతకంటే ముఖ్యం. బర్మా వెళ్లిన మనవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లు. బర్మాలో వాళ్లని కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో 'కొరంగీ'లన్నారు, ఇక్కడికొస్తే 'బర్మావాళ్లు' అన్నారు. పైగా ఇంట్లో అమ్మ మాట్లాడేది ఉత్తరాంధ్ర తెలుగు, బడిలో పిల్లలది బెజవాడ తెలుగు, సొంత భాషలో కూడా వాడు పరాయివాడే అయ్యాడు. మన స్టేజీకి ఓ చెడ్డ అలవాటుంది, శ్రీకాకుళం మాట వినపడితే నవ్వించడానికే అనుకుంటాం, నటులు కూడా చప్పట్ల కోసం దాన్ని సాగదీస్తారు. రిహార్సల్ మొదటి రోజే అది ఆపించు. తల్లి పాత్రకి అటు వైపు ఆవిడనే వెతుకు, దొరకడానికి నెల పట్టినా సరే. పిల్లాడి మాట రంగం రంగానికీ కొంచెం కొంచెం మారాలి, ఇంటర్‌కి వచ్చేసరికి ఇంట్లో కూడా పుస్తకంలోలా మాట్లాడాలి. చివరి రంగంలో తల్లి మంచం దగ్గర కూర్చున్నప్పుడు 'ఏంటమ్మా' అనకుండా, తెలియకుండానే 'ఏటమ్మా' అంటాడు. అంతకుమించి వాడికి డైలాగ్ రాయకు.

ఓడ సెట్ వద్దు. పరిషత్తు నాటిక పోటీలకి వేయాలంటే ఉన్నదే గంట, నవలలోని బాబాయిల గొడవ, పక్కింటి అమ్మాయి కథా రెండూ వదిలెయ్యి, బాధపడకు.

ఇంకోటి, అనుమతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. ఆయన బతికే ఉన్నారు కాబట్టి వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టి, ఏం మారుస్తున్నావో చెప్పి, కాగితం మీద సంతకం తీసుకో. నోటిమాట మీద రిహార్సల్ మొదలుపెట్టకు.

ఆదివారం సాయంత్రం గాంధీనగర్ వస్తే రెండో రంగం కూర్చుని సరిచేద్దాం. సాన కొనకు, మా అమ్మ గంధం తీసినది ఇంట్లో ఉంది, మీ పిన్ని అటక మీద నుంచి దించి కడిగి పెట్టింది.

మీ బాబాయి