చూసి, బాగున్నాయని చెప్పి, కొనకుండా వెళ్లిపోతుంటే

మేళాల్లో నగల స్టాల్ పెడుతున్నా అమ్మకాలు సాగడం లేదని మీరు రాశారు. జనం మీ స్టాల్ దగ్గర ఆగి, బాగున్నాయని చెప్పి కూడా కొనకుండా వెళ్తున్నారంటే లోపం నగల్లో కాదు, చాలావరకు వాటిని సర్దిన తీరులోనే ఉంటుంది. మీరు రాసినదాన్ని బట్టి అన్నీ బల్ల మీద పరిచి పెట్టారు, ధర అడిగితేనే చెబుతున్నారు. ఇలా మార్చి చూడండి.

1. ప్రతి నగకూ ధర చీటీ కట్టండి. అడిగాక కొనకపోతే బాగోదని మొహమాటపడి చాలామంది అసలు అడగకుండానే కదిలిపోతారు.

2. జూకాలు, లోలకులు పడుకోబెట్టకండి. స్టాండుకు వేలాడదీసి కంటి ఎత్తుకు తీసుకురండి.

3. అద్దం. ఎక్కువమంది వదిలేసేది ఇదే. చేతి అద్దం చాలదు. ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో జూకా పట్టుకుంటే జుట్టు వెనక్కి తోసుకోవడానికి చెయ్యేది? నిలబెట్టే అద్దం తెచ్చి, నిలుచున్న మనిషి ముఖమూ మెడా కనిపించేలా కాస్త వెనక్కి వంచండి. వెలుగు వాళ్ల ముఖం మీద పడాలి. వెనక నుంచి పడితే అద్దంలో ముఖం నల్లగా కనిపిస్తుంది, నగ కూడా తేలిపోతుంది. చెవికి పెట్టుకోనక్కర్లేదు, పక్కన పట్టుకుని చూసుకుంటే చాలు. అలా చూసుకుని నచ్చినవాళ్లు దాన్ని అంత తేలిగ్గా కింద పెట్టరు.

4. చెవికి తగిలించే కొక్కెం ఏ లోహమో కార్డు మీద రాయండి. నికెల్ పడక చెవులు దురదపెట్టేవాళ్లు ముందు చూసేది అదే.

ధరలు తగ్గించాలన్న ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దు. ముందు ఇవి మార్చి ఒక మేళా చూడండి.