‘వక్రీకృత’మా, ‘మెలి తిరిగిన’దా?

సందేహం: నేను రసాయనశాస్త్ర పరిశోధక విద్యార్థిని. మా పని గురించి తెలుగులో వ్యాసం రాస్తూ ‘టెంప్లేట్ల సహాయంతో వక్రీకృత సచ్ఛిద్ర అయస్కాంత నానోపదార్థాల తయారీ’ అని పేరు పెట్టాను. చదివినవాళ్లు కొరుకుడు పడటం లేదంటున్నారు. ఇందులో తప్పుందా? టెంప్లేటును మూస అనాలా, అచ్చు అనాలా?

సమాధానం: వ్యాకరణం తప్పలేదు. తంటా అంతా అర్థంతోనే. ‘వక్రీకృత’ను ముందు తీసేయండి. వక్రం అంటే వంకర. ‘చరిత్రను వక్రీకరించారు’ అనే వాడుక స్థిరపడ్డాక ఆ మాట వినగానే ఎవరో ఏదో చెడగొట్టారనే తోస్తుంది. మీ పదార్థం చెడలేదు, మెలి తిరిగింది. తెలుగులో దీనికి మెలి, మెలిక, పురి అని మూడు మాటలున్నాయి. నిలువునా తన చుట్టూ తాను తిరిగితే పురి. తాడుకు, నూలుకు ఉండేది అదే. దారి అటూ ఇటూ తిరుగుతూ సాగితే మెలికలు. 2004లో ప్రకటించిన ఒక రకం సిలికాలో (సిలికా అంటే ఇసుకలో ఉండే పదార్థమే) ఆరు పలకల సన్నని కడ్డీలు, వాటిలోని సొరంగాలతో సహా, తాడులా తిరిగి ఉంటాయి. దానికి ‘పురి తిరిగిన’ అన్నదే సరైన మాట.

కేఐటీ-6 అనే సిలికా సంగతి వేరు. దానిలో రెండు సొరంగాల అల్లికలు ఒకదానిలో ఒకటి దూరి సాగుతాయి. ఒకటి కుడికి మెలి తిరిగితే రెండోది ఎడమకు. ఇక్కడ మెలికలే. కుడి ఎడమలకు కొత్త మాటలు పుట్టించే పని లేదు. శంఖాలకు వాడే దక్షిణావర్తం, వామావర్తం ఉండనే ఉన్నాయి.

టెంప్లేటు దగ్గర కాస్త ఆగాలి. కేఐటీ-6 పొడిని ఐరన్ నైట్రేట్ ద్రావణంలో నానబెడతారు. ఆరాక వేడిచేస్తే నైట్రేట్ విడిపోయి ఐరన్ ఆక్సైడ్ ఆ సొరంగాల్లోనే ఉండిపోతుంది. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో సిలికాను కరిగించేస్తారు. సిలికా గోడలున్న చోట రంధ్రాలు, రంధ్రాలున్న చోట ఆక్సైడ్ గోడలు మిగులుతాయి. పంచలోహ విగ్రహం పోశాక పైమట్టిని పగలగొట్టడం లాంటిదే. ఇది అచ్చు. మూస అంటే మొదట కంసాలి బంగారం కరిగించే పాత్ర. తెలుగు వికీపీడియా టెంప్లేటును మూస అంటుంది. అక్కడ ఒకే చట్రాన్ని మళ్లీ మళ్లీ వాడతారు కనుక ఒప్పుకోవచ్చు. ఇక్కడ అచ్చు ఒక్కసారికే కరిగిపోతుంది. పైగా ‘మూస కథ’, ‘మూస సినిమా’ అని తిట్టి తిట్టి ఆ మాటను మనమే పాడుచేసుకున్నాం.

‘సచ్ఛిద్ర’ అంటే రంధ్రాలున్నది; పాఠ్యపుస్తకాల మాట. ఛిద్రమైంది అంటే ముక్కలైందనే ఇప్పటి అర్థం. చేగోడీలు గుల్లగా వచ్చాయి అంటాం చూడండి, ఆ ‘గుల్ల’ అసలు తెలుగు మాట. కానీ ‘ఇల్లు గుల్ల’ అదే నోట వస్తుంది కనుక శీర్షికలో పెట్టమనను. ‘సూక్ష్మరంధ్ర’ అనీ రాయకండి. రసాయనశాస్త్రజ్ఞుల లెక్కలో 2 నానోమీటర్ల (నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు) లోపువే సూక్ష్మరంధ్రాలు; 2 నుంచి 50 వరకు మధ్యరంధ్రాలు. మీవి ఈ రెండో కోవవైతే ‘మధ్యరంధ్ర’ అని రాసి, అదేమిటో ఒక్కసారి చెప్పండి.

‘అయస్కాంత’ ఉండనివ్వండి, అయితే పదార్థం ఏదో చూసుకోవాలి. అచ్చులో మొదట వచ్చే తుప్పు రంగు ఐరన్ ఆక్సైడ్ అయిన హెమటైట్‌ను అయస్కాంతం దాదాపు పట్టించుకోదు. 2006లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో రసాయనశాస్త్రజ్ఞుడు పీటర్ బ్రూస్ బృందం, అచ్చు తీసేశాక ఆ హెమటైట్‌ను హైడ్రోజన్‌లో వేడిచేసి, రంధ్రాల అమరిక చెదరకుండానే నల్లని మాగ్నెటైట్‌గా మార్చింది. సహజ అయస్కాంతమైన మాగ్నెటైట్‌కే మన పూర్వులు పెట్టిన పేరు సూదంటురాయి: సూదిని అంటించుకునే రాయి. వ్యాసంలో ఒక్కచోటైనా ఆ మాట వాడండి.

ఇక విశేషణాల దొంతర. నాలుగు మాటలు వరుసగా పేరిస్తే మెలి పదార్థానిదో, రంధ్రాలదో, అచ్చుదో తేలదు. విడదీసి ‘అచ్చులో పోసి, అచ్చును కరిగించి: మెలికల రంధ్రాలున్న అయస్కాంత నానోపదార్థాలు’ అని రాయండి. ‘నానోపదార్థం’ మిశ్రసమాసం కదా అని జంకనక్కరలేదు. రైలుబండి ఎక్కనివాళ్లెవరు?