కవర్లు బాగున్నాయి, లోపలి పేజీలు కూడా వేయమనండి

ప్రశ్న: మేము చెన్నై వడపళనిలో ఉంటాం. మా అమ్మాయి ప్లస్ వన్ కామర్స్ చదువుతోంది. కొరియన్ పాటలంటే ప్రాణం. రాత్రి పొద్దుపోయేదాకా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గాయకుల ఫొటోలతో మ్యూజిక్ మ్యాగజైన్ కవర్లు తయారు చేస్తుంటుంది. సీఏ చదివిద్దామని మా ఆలోచన. తనేమో డిజైన్ చదువుతానంటోంది. పత్రికలే ఒక్కొక్కటీ మూతపడుతుంటే ఆ చదువుతో ఏం చేస్తుంది? కామర్స్ మానేసి గ్రూపు మారతానని కూడా అంటోంది. తను చేసిన మూడు కవర్లు పంపుతున్నాను. ప్రతిభ ఉందో లేదో మొహమాటం లేకుండా చెప్పండి. — ఒక తండ్రి

జవాబు: నమస్తే అండీ. మూడు కవర్లూ చూశాను. మీ అమ్మాయికి చూసే కన్ను ఉంది. అయితే డిజైన్‌ను వృత్తిగా నిలబెట్టుకోగలదా అన్నది కవర్లను బట్టి చెప్పలేను. అది లోపలి పేజీల్లో బయటపడుతుంది. అవి తనింకా మొదలుపెట్టినట్టు లేదు.

కన్ను ఉందని ఎందుకన్నానో చెబుతాను. రెండో కవర్ చూడండి. గాయకుడి జాకెట్టు నీలం రంగునే పత్రిక పేరుకీ వాడింది. ఫొటోను కాస్త కుడికి జరిపి, ఎడమవైపు అక్షరాలకు చోటు వదిలింది. ఎవరూ చెప్పకపోతే ఈ వయసు పిల్లలు ముఖం మీదే అక్షరాలు పరిచేస్తారు. మీ అమ్మాయి తెలిసి చేసిందో, పత్రికలు చూసి చూసి చెయ్యి అలవాటుపడిందో గానీ, ఆ ఎడమ పక్కకి ఒక కారణం ఉంది. కొట్లో పత్రికలు ఒకదాని మీద ఒకటి సగం కప్పేలా పేరుస్తారు. అప్పుడు బయటికి కనిపించేది పైభాగమూ, ఎడమ అంచూ. అందుకే పేరు పైన ఉంటుంది, పాఠకుణ్ణి లాగే మాటలు ఎడమవైపు ఉంటాయి. కవర్ మీది గాయకుడు నేరుగా మన కళ్లలోకి చూస్తాడు, నడిచి వెళ్లేవాళ్లు ఆగాలి కాబట్టి. పాటల పత్రిక గందరగోళంగా కనిపిస్తుంది గానీ అందులో ఏదీ ఊరికే పెట్టింది కాదు.

ఇప్పుడు తప్పులు. మూడో కవర్లో గాయని జుట్టు పత్రిక పేరును సగానికి పైగా కప్పేసింది. రోలింగ్ స్టోన్ అలా చేస్తే చెల్లుతుంది. 1967 నవంబరు నుంచి వస్తున్న పత్రిక, నాలుగు అక్షరాలు కనిపించినా పోల్చుకుంటారు. మీ అమ్మాయి పెట్టిన పేరు ఎవరికీ తెలియదు, దాన్ని పూర్తిగా కనిపించనివ్వాలి. మొదటి కవర్ మీద ఐదు రకాల ఫాంట్లు ఉన్నాయి. రెండు చాలు, మహా అయితే మూడు. కవర్ మీది శీర్షికలన్నీ ఒకే సైజులో ఉన్నాయి కాబట్టి ముందు దేన్ని చదవాలో కంటికి తెలియడం లేదు. ఒకటి పెద్దగా, మిగతావి దానికి లోబడి ఉండాలి. ఆ చిన్నవాటిలో కూడా గాయకుడి పేరు పెద్దగా, వార్త చిన్నగా ఉంటుంది, అభిమాని వెతికేది పేరునే కదా. ధర, నెల, బార్‌కోడ్ ఏ కవర్ మీదా లేవు. అవి చిన్న విషయాలే, కానీ వాటికి చోటు చూడాల్సి వచ్చినప్పుడే అసలు లే అవుట్ కష్టం అర్థమవుతుంది.

ఇంకో సంగతి. మూడు కవర్లూ ఎవరి కోసం? ఈ ప్రశ్నకు తన దగ్గర జవాబు ఉందేమో అడగండి. బ్రిటన్‌లో కెరాంగ్ అని హెవీ రాక్ పాటల పత్రిక ఉంది, దాని పేరే పగిలిన గాజులా ఉంటుంది, పేజీలు కిక్కిరిసి ఉంటాయి. క్యూ అనే పత్రిక కొంచెం వయసు మళ్లిన శ్రోతల కోసం నడిచింది, ఎర్రటి చదరంలో తెల్లటి ఒకే ఒక్క అక్షరం దాని గుర్తు. 1978లో మొదలైన స్మాష్ హిట్స్‌ని బడిపిల్లలు పాటల సాహిత్యం కోసం, పోస్టర్ల కోసం కొనుక్కునేవాళ్లు. మన సినిమా హాళ్ల బయట అమ్మిన పాటల పుస్తకాలు మీకు గుర్తుంటే, ఆ ఆకర్షణ ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి పత్రికల్లో పెద్ద పోస్టర్‌ను నడిమి పేజీల్లో వేస్తారు. పిన్ కొట్టిన పత్రికలో ఆ రెండు పేజీలూ ఒకే కాగితం, బొమ్మ ముక్కలవ్వదు, పిన్ను విప్పి గోడకు అంటించుకోవచ్చు. కొనేది ఎవరన్నది తేలితే ఫాంటూ, రంగూ, బొమ్మ సైజూ వాటంతట అవే చాలావరకు తేలిపోతాయి.

ఇక లోపలి పేజీలు. విషయసూచిక పేజీని పిల్లలు చిన్నచూపు చూస్తారు. నేనైతే ముందు దాన్నే అడుగుతాను. విస్తట్లో పప్పుకీ పచ్చడికీ వాటి చోటు ఉన్నట్టు, ఆ పేజీలో ముఖ్య కథనానికీ, ప్రతి నెలా వచ్చే శీర్షికలకీ, ఫొటోల మీది పేజీ నంబర్లకీ చోటు కుదరాలి. పాఠకుడు తనకు కావలసిన పేజీ నంబరు వెంటనే పట్టుకోవాలి. అందం అందులోంచే రావాలి.

దాని తర్వాత ఎదురెదురు పేజీల ఇంటర్వ్యూ. చేతి పని అంతా ఇక్కడే. వెయ్యి మాటల మ్యాటర్, ఒక పెద్ద ఫొటో, శీర్షిక, దాని కింద రెండు వాక్యాల పరిచయం, మధ్యలో పెద్ద అక్షరాల్లో గాయకుడి మాట ఒకటి. కంటికి కనబడని గీతలు ముందు గీసుకుని, పేజీని కాలమ్స్‌గా విడగొట్టి వీటన్నిటినీ అమర్చాలి. దీన్నే గ్రిడ్ అంటారు. గాయకుడి ముక్కు రెండు పేజీల మడతలో పడకూడదు. కాలమ్ మరీ సన్నమైతే మాటలు విరిగిపోతాయి, మరీ వెడల్పైతే కన్ను తర్వాతి లైను తప్పిపోతుంది. మ్యాటర్ ఎక్కువైతే ఫొటో తగ్గించాలా, వాక్యాలు కోయమని సబ్ ఎడిటర్‌ని అడగాలా? కవర్లో ఇలాంటి ప్రశ్నలు రావు. రోజూ ఇలాంటివి తేల్చడమే డిజైనర్ ఉద్యోగం.

ఇంటర్‌నెట్‌లో తనకు రే గన్ పేజీలు తప్పక ఎదురవుతాయి. 1992లో అమెరికాలో మొదలైన పాటల పత్రిక అది. దాని డిజైనర్ డేవిడ్ కార్సన్ ఒక గాయకుడి ఇంటర్వ్యూ మొత్తాన్ని అక్షరాలకు బదులు గుర్తులుండే డింగ్‌బ్యాట్స్ ఫాంట్‌లో వేసేశాడు. చూసిన పిల్లలకు ఒళ్లు పులకరిస్తుంది, అలాగే చేసేస్తారు. చేయనివ్వండి, కానీ తన మంచి పనుల్ని కూర్చి కాలేజీలకు చూపించే పోర్ట్‌ఫోలియోలో పెట్టనివ్వకండి. ఎందుకలా చేశావని అడిగితే పదహారేళ్ల అమ్మాయి ఇవ్వగల జవాబు దానికి ఉండదు. దానికన్నా 1980లో లండన్‌లో మొదలైన ది ఫేస్ పత్రిక చూడమనండి. 1981 నుంచి 1986 వరకు దాని ఆర్ట్ డైరెక్టర్ నెవిల్ బ్రాడీ. శీర్షికల అక్షరాలు తనే గీశాడు. పేజీ కొత్తగా ఉంటుంది, దారీ తప్పదు.

మీరు తెలుగువాళ్లు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మీ అమ్మాయి చేత ఒక సంచిక తెలుగులో చేయించండి. ఇంగ్లీషు పత్రికలన్నీ శీర్షికను పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో గుద్దేస్తాయి. మనకు పెద్దబడి లేదు. పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి లైనుకూ లైనుకూ మధ్య ఎడం ఎక్కువ కావాలి, లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. పేరా మొదట్లో పెద్ద అక్షరం వేద్దామంటే ‘స్త్రీ’ లాంటి మాట వచ్చినప్పుడు ఎంత దించాలో కొత్తగా ఆలోచించాలి. ఇంగ్లీషు పేజీని కాపీ కొట్టి ఇది సాధించలేం. ఇలాంటి పేజీ చేసి చూపించే విద్యార్థులు అరుదు, అందుకే అది వేరుగా నిలుస్తుంది. రామభద్ర, మల్లన్న, సూరన్న, ధూర్జటి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. పేజీలు అమర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఒత్తులు విడిపోతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోమనండి. తెలుగు పేజీకి చెన్నై కొత్త ఊరేమీ కాదు. 1947లో చందమామ మొదలైంది ఇక్కడే. బాపు గారు జీవితమంతా గీసింది ఇక్కడే, ఆయన చేతిరాత ఈ రోజు ఒక ఫాంటు.

పత్రికలు మూతపడుతున్నాయన్న మీ భయం నిజమే. స్మాష్ హిట్స్ 2006లో ఆగింది. 1952 నుంచి వచ్చిన ఎన్ఎంఈ అనే పాటల వారపత్రిక 2018లో అచ్చు ఆపింది, క్యూ 2020లో ముగిసింది. మ్యూజిక్ మ్యాగజైన్లో ఉద్యోగం అన్న ఒక్క ఆశ మీద ఈ చదువు చదివించమని నేనూ చెప్పను. కానీ పేజీ మీద కన్నును నడిపించే పని ఎక్కడికీ పోలేదు. పాటల యాప్‌లో ప్లేలిస్టు బొమ్మ, యూట్యూబ్ థంబ్‌నెయిల్, సినిమా పోస్టరు, మొబైల్ యాప్ స్క్రీన్, అన్నిటిలోనూ అదే పని. మీ ఇంటి పక్క కోడంబాక్కంలోనే సినిమా పబ్లిసిటీ డిజైనర్లు ఎంతోమంది. మీ అమ్మాయి వినే కొరియన్ గాయకుల ఆల్బమ్‌లు ఫొటో పుస్తకంతో సహా అమ్ముడవుతాయి, అవి పూర్తిగా పేజీ డిజైన్ పనే. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కంటే తక్కువగా ఉండొచ్చు. అందుకు మీరు సిద్ధపడాలి.

చదువు సంగతి. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్షను ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. ఐఐటీ హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) సీట్లు దాని మీదే. అందులో ఒక భాగం చేత్తో గీసే పరీక్ష, పోర్ట్‌ఫోలియో అడగరు. కాబట్టి కంప్యూటర్ పక్కన పెట్టి రోజూ పెన్సిల్ పట్టాలి. మనుషులు, బస్‌స్టాపు, టీకొట్టు, కంటికి కనిపించినవన్నీ గీయాలి. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) విషయంలో చాలామంది పొరబడుతుంటారు. బెంగళూరు క్యాంపస్ దగ్గర కదా అనుకుంటారు, అక్కడ ఉన్నది పీజీ. బీడెస్ కోసం ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ చూడండి, కమ్యూనికేషన్ డిజైన్ ఉంది. చెన్నైలోనే ఉండాలంటే తరమణిలోని ఫ్యాషన్ సంస్థ నిఫ్ట్‌లో ఫ్యాషన్ కమ్యూనికేషన్, లయోలాలో విజువల్ కమ్యూనికేషన్ ఉన్నాయి. నా మనసుకు నచ్చేది మాత్రం 1850లో మొదలైన ప్రభుత్వ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ. గీత బలంగా నేర్పుతారు, ప్రభుత్వ కాలేజీ కాబట్టి ఫీజు భారమూ తక్కువ. ప్రైవేటు డిజైన్ కాలేజీలు పోర్ట్‌ఫోలియో చూస్తాయి, ఫీజు కూడా చాలా ఎక్కువ. అప్పు చేసి చేర్చే ముందు అక్కడ చివరి సంవత్సరం పిల్లల పని స్వయంగా వెళ్లి చూడండి.

ఈ వేసవి సెలవుల్లో చేయాల్సింది ఒకే ఒక్క పని. పదహారు పేజీల పత్రిక. నాలుగు ఏ3 కాగితాలు మడిస్తే పదహారు పేజీలవుతాయి. నెట్‌లోంచి దించిన ఫొటోలు వద్దు, అవి వేరేవాళ్ల సొత్తు. స్కూల్లో గిటార్ వాయించే స్నేహితుణ్ణో, చెన్నై వీధి పాట గానా పాడే కుర్రాణ్ణో సాయంత్రం ఎండలో మేడ మీద నిలబెట్టి తనే తీయాలి, తనే ఇంటర్వ్యూ రాయాలి. ట్రిప్లికేన్ పైక్రాఫ్ట్స్ రోడ్డులో పాత పత్రికలు నాలుగు కొని, ట్రేసింగ్ పేపరు పెట్టి వాటి కాలమ్స్ గీసి చూడమనండి. గ్రిడ్ అంటే ఏంటో ఏ వీడియో కన్నా అది బాగా చెబుతుంది. అంచు దాకా వచ్చే బొమ్మను మూడు మిల్లీమీటర్లు బయటికి పెంచాలి, లేకపోతే కటింగ్‌లో తెల్ల గీత వస్తుంది. తను ఇష్టంగా వాడిన ఆ మెరిసే గులాబీ రంగు స్క్రీన్ మీద ఉన్నట్టు అచ్చులో రాదు, వెలిసినట్టు వస్తుంది. అది ప్రింట్ తీసి కళ్లారా చూడాలి.

పని మధ్యలో విసుగొచ్చి వదిలేస్తే, ముఖ్యంగా విషయసూచిక దగ్గరే ఆగిపోతే, తనకు పాటలు ఇష్టమే తప్ప ఈ పని కాదని ఇద్దరికీ తెలుస్తుంది. అప్పుడు సీఏ గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు. పూర్తిచేసి, రెండోసారి దిద్దుతానని తనే అంటే యూసీడ్, ఎన్ఐడీ రెండింటికీ అప్లికేషన్ పెట్టించండి.

కామర్స్ మాత్రం మాన్పించకండి. డిజైన్ పరీక్షలకు గ్రూపుతో పని లేదు, సీఏ దారీ తెరిచే ఉంటుంది. పత్రిక పూర్తయ్యాక పీడీఎఫ్ కాకుండా పిన్ కొట్టిన కాపీయే పోస్టులో పంపండి. పేజీ పేజీకీ రాసి తిప్పి పంపుతాను.