పాత ఓమ్నీ సప్పుడు: అల్లునికి మామ రాసిన జాబు

చిరంజీవి అల్లునికి,

నీ పాత ఓమ్నీ లోపలంతా రేకుకు సప్పుడు తగ్గించే షీట్లు అతికిస్తే బండి గప్‌చుప్ అయితదని దుకాణపాయన చెప్పిండని రాసినవు. ఇప్పుడే కొనకు. షీటు ఆఖరి పని. అది రేకు వణుకుడును తగ్గిస్తది గని తలుపు సందుల నుంచి దూరే గాలిని ఆపదు, ఊగే నట్టును బిగించదు. ముందు వదులైనవి బిగించాలె, తర్వాత సందులు మూయాలె, అప్పటికీ మిగిలిన సప్పుడుకు షీటు. ఈ వరుస తప్పితే పైసలు పోతయి, మోత ఎక్కడికీ పోదు.

ఏ సప్పుడు ఎక్కడిదో తేల్చుకునేందుకు తెల్లారగట్ల బయలుదేరు. ఎండకాలం మధ్యాహ్నం గాడ్పుల లెక్క దొరకదు. హనుమకొండ నుంచి ములుగు దిక్కు పోయే 163 జాతీయ రహదారి మీద ఒక జాగ అనుకొని, అద్దాలన్నీ మూసి, 40, 60, 80 వేగాలల్ల నడిపించు. స్టీరింగు ఇంకొకరికి ఇచ్చి నువ్వు వెనక కూసో, ముందు కూసున్నోనికి ఇంజను తప్ప ఏమీ వినబడదు. 60 దాక ఓపిక పట్టి 80కి గయ్యిమని లేస్తే అది గాలి. గాలి మోత బలం వేగానికి దాదాపు ఆరో ఘాతంలో పెరుగుతది, అంటే 60 నుంచి 80కి పోతే ఐదు రెట్లు దాటుతది. తారు రోడ్డు దాటి సిమెంటు రోడ్డు ఎక్కంగనే గొంతు మారితే టైర్లది. నిలబెట్టిన బండికి రేసు ఇచ్చినా వస్తే ఇంజను, సైలెన్సర్ దిక్కు చూడు. మొరం బాట మీదనే వస్తే ఏదో వదులైనట్టు. హూమ్మని వచ్చేది స్టీరింగు ఒక పక్కకు తిప్పితే పెరిగి ఇంకో పక్కకు తగ్గుతుంటే వీల్ బేరింగు పోయింది. దాన్ని సప్పుడు లెక్కల వెయ్యకు, వెంటనే మార్పించు.

ఇదంతా ఖాళీ బండితోనే. జాకీ, పానాలు, స్టెప్నీ, సీట్ల కింది సీసాలు అన్నీ దించు. సగం గడగడలు అక్కడనే పోతే నవ్వుకోకు, చాన బండ్లల్ల అంతే. తిరిగి పెట్టేటప్పుడు జాకీని గుడ్డల చుట్టి పట్టీతో బిగించు.

తర్వాత బండి చుట్టూ తిరుగుకుంట పిడికిలితో ప్రతి రేకునూ, ప్రతి ప్లాస్టిక్కునూ తట్టు. నంబరు ప్లేటు, మడ్‌ఫ్లాపులు, బంపరు మూలలు, వైపర్ చేతులు, వాడని సీటుబెల్టు బకిలు. ఈ బకిలు ఇనుప స్తంభానికి తగిలి టకటకమంటుంటే అది తెల్వక డాష్‌బోర్డు విప్పినోళ్లున్నరు. డాష్ కింద వైర్ల కట్ట ఊగుతుంటే బట్ట టేపు చుట్టు, ప్లాస్టిక్ టేపు ఎండకు జిగురు కారుతది. ప్లాస్టిక్కు ప్లాస్టిక్కూ రాసుకొని కిర్రుమనే చోట నడుమ సన్నటి ఫెల్టు ముక్క పెట్టు. లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లను పట్టే ట్రిమ్ క్లిప్పులు విరిగితే కొత్తవి వెయ్యి, జిగురుతో అతికిస్తే మళ్ల విప్పినప్పుడు ప్యానెలే విరుగుతది. స్క్రూ రంధ్రం పెద్దదై తిరుగుతుంటే ఒక సైజు పెద్ద స్క్రూ చాలు.

కిందికి దూరేటప్పుడు ఉత్త జాకీ మీద నమ్మకం పెట్టకు, గట్టి స్టాండ్లు వేసి చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టినంకనే దూరు. సైలెన్సర్ సల్లబడాలె. దాన్ని చేత్తో ఊపి చూడు, వేలాడేసే రబ్బర్లు పగిలితే రేసు ఇచ్చినప్పుడల్ల ఛాసిస్‌కు కొట్టుకుంటది. వేడి అడ్డే రేకు తుప్పుకు ఊడి చిరచిరమంటే స్టీలు క్లాంపుతో చుట్టి బిగించు. వెనక కమాన్ పట్టీల బుష్‌లు, అంటే అతుకుల కాడి రబ్బర్లు, షాకబ్జార్ బుష్‌లు చూడు. రబ్బరు పిండయి ఇనుము ఇనుమును తాకుతుంటే గుంతల్ల ధన్‌మంటది. కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టే యూ బోల్టులు వదులైతే తుప్పు రంగు గీత కనబడతది. ఇవి సప్పుడు కోసమే గాదు, బ్రేకు వేసినప్పుడు బండి సక్కగ నిలబడేందుకు గూడ. బుష్ మార్చినప్పుడు బండి బరువు చక్రాల మీద ఉన్నంకనే ఆఖరి బిగింపు వెయ్యమను. లేపిన బండికి బిగిస్తే, దించినప్పుడు రబ్బరు మెలిపడి తొందరగ చిరుగుతది.

ఇక గాలి. రంగుల పని చేసేటోళ్లు వాడే మాస్కింగ్ టేపు కొను, ఇంతకన్న చవక పరీక్ష లేదు. ఒక తలుపు సందంతా బయట నుంచి మూసి అదే రోడ్డు మీద 80కి పో. సప్పుడు తగ్గిందా, దొరికింది. తగ్గలేదా, ఆ టేపు తీసి ఇంకో తలుపుకు. ఒక్కసారికి ఒక్క సందే, అన్నీ ఒకేసారి మూస్తే ఏది తప్పో తెల్వదు. పరీక్ష కాంగనే తీసెయ్యి, మన ఎండకు టేపు రంగును పట్టుకుంటది. తర్వాత ఆ తలుపుల కాగితం ముక్క పెట్టి మూసి గుంజు. గట్టిగ గుంజితేనే రావాలె. ఏ జాగల సులువుగ జారుతదో అక్కడ సుద్దతో గుర్తు పెట్టు.

ఎక్కువ దోషం జరిగే తలుపులదే. అది పైన, నడుమ, కింద రోలర్ల మీద నడుస్తది. కింది రోలర్ అరిగితే తలుపు కుంగి పైమూలల సందు పడతది. తలుపును సగం తెరిచి రెండు చేతులతో పైకి లేపు, ఆడుతుంటే ముందు రోలరే. పట్టాలల్ల మట్టి, ఇసుక బ్రష్షుతో తీసి తెల్ల గ్రీజు జరంత రాయి. అప్పుడు తాళం పట్టే స్ట్రైకర్ దగ్గరికి రా. దాని చుట్టూ గీత గీసుకో, స్క్రూలు వదులు చేసి ఒక మిల్లీమీటరు మాత్రమే లోపలికి జరుపు, బిగించు, కాగితంతో చూడు. గీత లేకుంట జరిపినోడు మళ్ల మొదటి జాగ దొరకక ఆగమైతడు. ముందు తలుపులైతే కొనను లేపి చూడు, కీలు పిన్ను అరిగిందేమో తెలుస్తది. తలుపు వంకర ఉండంగ దొడ్డు రబ్బరు వెయ్యకు. తలుపు కొడితే గని పడదు, కొట్టికొట్టి తాళం పాడైతది.

తలుపు సక్కగయినంక డోర్ బీడింగ్, అంటే తలుపు చుట్టు సందు మూసే రబ్బరు పట్టీ. కొత్త రబ్బరు మూలల దగ్గర సాగదియ్యకు. సాగినది తర్వాత ముడుచుకొని అక్కడనే నోరు తెరుస్తది. అవసరం కన్న ఒక సెంటీమీటరు పొడుగు కోసి, నొక్కుకుంట ఎక్కించి, అతుకు కింది అంచు నడుమ పడేటట్టు చూడు. పాత రబ్బరు మెత్తగనే ఉంటే కడిగి సిలికాన్ స్ప్రే కొట్టు, చాలు. ఇంజనాయిలు, మామూలు గ్రీజు పూయకు, ఈ రబ్బరు నూనెకు ఉబ్బుతది. తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటయి, అవి మూయకు. వాన నీళ్లు పోయే దారి అది, మూస్తే రెండు వానకాలాలల్ల తలుపు అడుగు తుప్పు పడతది. అద్దం గడగడమంటే లోపలి చానల్ గుడ్డ అరిగిందన్నట్టు, చానలే మార్చాలె. ముందద్దం రబ్బరు అంచు లేస్తే దాని కింద అద్దాలకు వాడే సీలెంటే పెట్టు. సిరకా వాసన వచ్చే చవక సిలికాన్ రంగు పోయిన రేకును తింటది.

డిక్కీ తలుపు రబ్బరును నేను అన్నిటికన్న ముందు మార్చమంట, అది చెవి కోసం గాదు. వెనక గోడ తిన్నగ ఉన్న బండికి వెనక గాలి పల్చబడి సైలెన్సర్ పొగ అక్కడనే సుడి తిరుగుతది. సందుంటే లోపలికి గుంజుకుంటది. అందుల కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, పిల్లలకు తలనొస్తుందంటే అదే కావచ్చు. అట్లనే ముందు సీట్ల కింద ఇంజను మూత చుట్టు రబ్బరు, కొక్కేలు చూడు. ఓమ్నీల 796 సీసీ ఇంజను నీ కిందనే ఉంటది గనక ఆ మూత మంచిగ పడితే సప్పుడు, వేడి, పొగ మూడూ తగ్గుతయి. ఆ మూత లోపలి దిక్కు థర్మకోల్, స్పాంజి, గోనె ఏదీ పెట్టొద్దు, అంటుకుంటయి. మంటకు తట్టుకునే అల్యూమినియం పొర ఉన్న ఇన్సులేషనే వెయ్యాలె, అదీ బెల్టుకు, సైలెన్సర్ గొట్టానికి తగలకుంట. ఎల్పీజీ బండి అయితే సిలిండర్ నుంచి బయటికి పోయే గొట్టాలు మాత్రం ముట్టకు.

పైన క్యారియర్ వాడుతున్నవా? లేకుంటే విప్పు. ఉండాలంటే గుండ్రటి అడ్డ పైపులకు సన్నని తాడు స్ప్రింగు లెక్క చుట్టు. 25 మిల్లీమీటర్ల పైపు వెనక 80 వేగంల గాలి సుడులు సెకనుకు సుమారు 180 సార్లు విడిపోతయి. బొంగురు ఊళ అదే. తాడు ఆ వరుసను చెదరగొడతది. వాన నీళ్లకు అతికించే డోర్ వైజర్ అంచు లేచినా ఈలేస్తది.

ఇప్పుడు షీటు. బ్యూటైల్ రబ్బరుది తీసుకో, 2 మిల్లీమీటర్లు చాలు. తారు షీట్లు చవక గని ఎండకు కారి వాసనొస్తయి, పైకప్పుకైతే అసలే వద్దు. రేకంతా కప్పాల్సిన పని లేదు, ప్రతి ప్యానెల్ నడుమ మూడో వంతు అతికిస్తే చాన మేలు. చదరపు మీటరుకు మూడు కిలోల చిల్లర బరువు, 800 సీసీ కూడ లేని బండికి ఆ బరువు తెలుస్తది. రేకును స్పిరిటుతో తుడిచి, రోలర్‌తో గాలి బుడగ లేకుంట నొక్కు. వేలితో తట్టితే డంగుమనేది టక్కుమనాలె. దాని మీద వేసే ఫోము నీళ్లు పీల్చనిదే ఉండాలె, మామూలు స్పాంజి వానకాలమంత తడి పట్టుకొని లోపల నుంచే తుప్పు లేపుతది. పైకప్పుకు వేస్తే వాన సప్పుడు గూడ తగ్గుతది.

బీడింగ్ కొననీకి పోయేటప్పుడు పాత దాంట్ల నుంచి వేలెడు ముక్క కోసి పట్టుకపో. బండి పేరు చెప్పితే ఏదో ఒకటి చుట్టి ఇస్తరు. రేకు అంచును పట్టే గాడి వెడల్పు, తలుపుకు ఒత్తుకునే ఉబ్బు రబ్బరు లావు రెండూ ముక్కతో పోల్చి చూసినంకనే మీటర్ల లెక్క కోపిచ్చుకో.

మీ మామ