కెమిస్ట్రీ చదివిన అమ్మాయి శాసనాల పరిశోధనలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పాత గుళ్లు, శాసనాల పరిరక్షణ మీద పరిశోధన చేస్తానంటోంది. మళ్లీ బీఏ చదవాలా? ఉపాధి ఉంటుందా? – ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: బీఏ అక్కర్లేదండీ. రసాయనాలు తెలిసినవాళ్లు ఈ రంగానికి చాలా అవసరం. కాకపోతే రాయిని కాపాడడం ఒక పని, రాతిమీది రాతను చదివి అర్థం చెప్పడం మరో పని. మీ అమ్మాయికి ఏది ముఖ్యమో పీజీలో చేరకముందే తేల్చుకోవాలి. ఇక్కడ ఉద్యోగాలకు అర్హతను పీజీ సబ్జెక్టే నిర్ణయిస్తుంది.

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ (ఏఎస్ఐ) సైన్స్ విభాగం డెహ్రాడూన్‌లో ఉంది. యూపీఎస్సీ భర్తీ చేసే ఆర్కియాలజికల్ కెమిస్ట్ పోస్టులకు ఎమ్మెస్సీ కెమిస్ట్రీతో పాటు అనుభవం అడుగుతారు. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో ఎంఏ కన్జర్వేషన్ ఉంది. మంచి కోర్సే, మ్యూజియాలకు బాగా పనికొస్తుంది. కానీ అదొక్కటే ఉంటే కెమిస్ట్ పోస్టు చేజారవచ్చు. అందుకే ముందు ఎమ్మెస్సీ పూర్తిచేసి, లక్నోలోని జాతీయ పరిరక్షణ పరిశోధనాలయం (ఎన్ఆర్ఎల్‌సీ) ఇచ్చే శిక్షణల కోసం ప్రయత్నించమంటాను.

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. పాత గుడి గోడల సందుల్లో సున్నానికి బదులు సిమెంటు పూస్తుంటారు. సిమెంటులోంచి తేమ తేలిగ్గా బయటికి పోదు. అది రాయిలోకి మళ్లుతుంది, దాంతోపాటు సిమెంటులోని లవణాలు కూడా వెళ్తాయి. తేమ ఆరినప్పుడు ఆ లవణాలు రాతి పైపొర కింద స్ఫటికాలుగా గడ్డకట్టి, పొరను పెచ్చులుగా ఊడగొడతాయి. శాసనం ఉన్నది ఆ పొరమీదే! ఆ లవణాలను తీయడానికి స్వేదనజలంలో నానబెట్టిన కాగితపు గుజ్జును రాతికి పట్టించి, ఆరాక తీసేస్తారు. ఆ గుజ్జు కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లటి అవక్షేపం వస్తుంది, అంటే క్లోరైడ్ లవణాలు ఇంకా వస్తున్నాయన్నమాట. అది బాగా తగ్గేదాకా గుజ్జు మార్చాల్సిందే. మీ అమ్మాయి ల్యాబ్‌లో చేసిన పరీక్షే ఇది.

మనసు చదవడం వైపే ఉంటే దారి వేరు. ఏఎస్ఐ శాసన విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది. అక్కడి పోస్టులకు శాసనాల భాషల్లో పట్టు కావాలి, కాబట్టి తెలుగు లేదా సంస్కృతంలో పీజీ చేయాలి. లిపి నేర్చుకోవడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఎర్రగుంట్ల మండలం కలమళ్ల శాసనం మీకు దగ్గరే. సుమారు క్రీ.శ. 575 నాటి ఈ రేనాటి చోళుల శాసనం తెలుగులో దొరికినవాటిలో అతి ప్రాచీనమైనదిగా పేరుపొందింది. ఆ కాలపు రాతల్లో ఎ–ఏ, ఒ–ఓ హ్రస్వదీర్ఘాలకు తేడా కనిపించదు. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే.

ఇక డబ్బు సంగతి. శాశ్వత పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి. నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి 2 ఏళ్లు నెలకు రూ. 37,000, తర్వాత రూ. 42,000, పైన ఇంటద్దె భత్యం. కెమిస్ట్రీ వాళ్లు సీఎస్ఐఆర్ నెట్ రాయాలి. మ్యూజియాలజీ–కన్జర్వేషన్, పురావస్తు శాస్త్రం పేపర్లు యూజీసీ నెట్‌లో ఉంటాయి.

సెలవుల్లో శాసనాలు చూడడానికి వెళితే అక్షరాల్లో సుద్ద, రంగు నింపనివ్వకండి. రక్షిత కట్టడాల్లో కాగితం, సిరాతో అచ్చు తీయాలంటే అనుమతి ఉండాలి. ఫొటోకు అది అక్కర్లేని చోట పొద్దుగూకాక టార్చిలైటు రాతికి బాగా పక్కనుంచి పట్టి తీస్తే, పగలు కనిపించని గీతలూ పడతాయి.