జీతం పెరిగిందని పాప వైద్యం ఆగిపోదు

లక్ష్మి గారూ, జూన్‌లో మీ వారి జీతం 20,000 నుంచి 22,500 అయిందని, ఇక ఈఎస్‌ఐ (ఉద్యోగికీ కుటుంబానికీ వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) లేదు, పాప టాన్సిల్స్ ఆపరేషన్‌కు సొంత డబ్బు పెట్టుకోవాల్సిందేనని కంపెనీలో చెప్పారని రాశారు. కంగారు పడకండి, వాళ్లు చెప్పింది తప్పు.

ఈఎస్‌ఐకి నెల జీతం 21,000 దాటకూడదన్న పరిమితి నిజమే. కానీ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒక చందా కాలం (ఈఎస్‌ఐకి డబ్బు కట్టే ఆరు నెలలు), అక్టోబర్ నుంచి మార్చి దాకా మరొకటి. మధ్యలో జీతం పరిమితి దాటితే ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాల్సిందే, అదీ పెరిగిన జీతం మీద. మీ వారి వాటా 0.75 శాతం, అంటే నెలకు 169 రూపాయలు. కంపెనీది 3.25 శాతం, 732 రూపాయలు. ఈఎస్‌ఐ లేదని కంపెనీ ఎందుకు చెప్పిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది!

ముందు జూన్, జూలై జీతం చీటీలు తీసి ఈఎస్‌ఐ గడి చూడండి. ఖాళీగా ఉంటే కంపెనీకి రాతపూర్వకంగా అడగండి, కదలకపోతే ఈఎస్‌ఐ బ్రాంచి కార్యాలయానికి వెళ్లండి. ఏప్రిల్-సెప్టెంబర్ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడితే వచ్చే జూన్ 30 దాకా కుటుంబానికి వైద్యం అందుతుంది.

ఇంకొకటి, ఈ-పహచాన్ కార్డులో (ఈఎస్‌ఐ గుర్తింపు కార్డు) పాప పేరు, ఫొటో ఉన్నాయా? మా బాబు పేరు ఎక్కించడం మరిచిపోయి డిస్పెన్సరీ కిటికీ దగ్గర నిలబడి తిరిగొచ్చాను. జనన ధ్రువపత్రం, ఆధార్ దగ్గర పెట్టుకోండి.